కన్సోల్ ధరలో దాగిన అడ్వాన్సు

2021 ఫిబ్రవరిలో సోనీ వీడియో గేమ్ యంత్రం (కన్సోల్) ప్లేస్టేషన్ 5 మన దేశంలో విడుదలైనప్పుడు దాని ధర 49,990 రూపాయలు. నిమిషాల్లో సరుకు అయిపోయే ఆన్‌లైన్ అమ్మకాల్లో రెండుసార్లు భంగపడి, మూడోసారి ఎలాగో ఒకటి దక్కించుకుని ఇంటికి తెచ్చినప్పుడు, మా నాన్నగారు ఆ పెట్టెను రెండు చేతులతో ఎత్తి బరువు చూసి, "దీన్ని తయారు చెయ్యడానికి వాడికెంత పడుతుందిరా?" అని అడిగారు. మనం కట్టిన ధరకన్నా ఎక్కువే పడుతుందని, ప్రస్తుతానికి కంపెనీ నష్టానికే అమ్ముతోందని చెప్పాను. ఆయన నావైపు జాలిగా చూశారు. నలభై ఏళ్లు పల్నాడులో మిరప వేసి, గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిరప బస్తాలు) తోలిన మనిషి. "నష్టానికి ఇస్తే అది అమ్మకం కాదురా, అడ్వాన్సు" అన్నారు.

వీడియో గేమ్ కన్సోళ్ల వ్యాపారం గురించి ఆ తర్వాత నేను చదివిన విశ్లేషణలు చాలావరకు రేజరు, బ్లేడుల పోలికతోనే మొదలయ్యాయి: రేజరు చవగ్గా ఇచ్చి బ్లేడు మీద సంపాదించడం. ఆ పోలిక తప్పు కాదు గానీ, అందులో ఒక ముఖ్యమైన మనిషి కనిపించడు. బ్లేడు తయారు చేసేవాడూ రేజరు అమ్మేవాడూ ఒక్కడే. కన్సోల్ విషయంలో ఆటలు తయారు చేసేవాళ్లు ఎక్కువమంది వేరే కంపెనీలవాళ్లు. వాళ్లకూ మనకూ మధ్య కూర్చుని, ఇద్దరినీ తన గడప దాటనివ్వకుండా చూసుకుని, ప్రతి బేరం మీదా కమీషన్ తీసుకునేవాడు కన్సోల్ కంపెనీ. మా నాన్నగారి పోలికే దీనికి దగ్గరగా ఉంటుంది.

యార్డులో జరిగేది ఇది. జూన్, జులైలలో విత్తనాలకు, నారుకు, ఎరువులకు, పురుగుమందులకు డబ్బు కావాలి. చేతిలో లేదు. కమీషన్ కొట్టుకు వెళితే షావుకారు ఇస్తాడు. దానికి వడ్డీ ఎంత అన్నది ఒక మాట, అసలు మాట వేరే ఉంది: ఫిబ్రవరిలో కాయ కోసినప్పుడు టిక్కీలన్నీ ఆ కొట్టుకే రావాలి. పక్క కొట్టులో క్వింటాలుకు రెండు వందలు ఎక్కువ పలుకుతోందని తెలిసినా లారీ అటు తిరగదు. చివర్లో చేతికొచ్చే లెక్క చీటీలో అడ్వాన్సు, వడ్డీ, కమీషన్, హమాలీ అన్నీ పోను మిగిలింది ఉంటుంది. షావుకారును దుర్మార్గుడనడానికి లేదు. ఆయన డబ్బు లేకపోతే పంటే లేదు. కానీ ఆయన ఆ డబ్బుతో కొన్నది మిరపకాయల్ని కాదు, మా లారీ వచ్చే దారిని.

ఈ దారికి మొదటిసారి గట్టి గేటు కట్టినది నింటెండో. 1983లో జపాన్‌లో దాని కన్సోల్ ఫ్యామికామ్ 14,800 యెన్లకు వచ్చింది. అదే ఏడాది అమెరికాలో వీడియో గేమ్ మార్కెట్ కుప్పకూలింది. అటారీ యంత్రానికి ఎవరు పడితే వాళ్లు కార్ట్రిడ్జ్‌లు (యంత్రంలో దూర్చే ఆట డబ్బాలు) చేసి అమ్మడంతో నాసిరకం ఆటలు దుకాణాల్లో గుట్టలు పడ్డాయి, అమ్ముడుపోని కార్ట్రిడ్జ్‌లను అటారీ న్యూమెక్సికోలోని అలమగోర్డో దగ్గర గొయ్యి తీసి పాతిపెట్టింది (2014లో తవ్వితే నిజంగానే బయటపడ్డాయి). 1985లో అదే అమెరికాలో అడుగుపెట్టిన నింటెండో ఈ గుణపాఠాన్ని చిప్‌గా మార్చింది. యంత్రంలో ఒక తాళం చిప్, కార్ట్రిడ్జ్‌లో దానికి జవాబు చెప్పే ఇంకో చిప్. రెండూ మాట్లాడుకుంటేనే ఆట మొదలవుతుంది. ఆ చిప్ కావాలంటే నింటెండోతో ఒప్పందం చేసుకోవాలి, ఏడాదికి అయిదు ఆటలకు మించి విడుదల చేయకూడదు, కార్ట్రిడ్జ్‌లు నింటెండోయే తయారు చేస్తుంది, డబ్బు ముందే కట్టాలి, అమ్ముడుపోకపోతే నష్టం ఆట చేసినవాడిదే. అయిదు ఆటల పరిమితి తప్పించుకోవడానికి కొనామీ అనే ఆటల కంపెనీ అమెరికాలో అల్ట్రా అనే ఇంకో పేరుతో దుకాణం తెరిచిందంటే ఆ గేటు ఎంత బిగువుగా ఉండేదో ఊహించవచ్చు.

సోనీ ఈ రంగంలోకి వచ్చిందే నింటెండో చేసిన అవమానంతో. ఇద్దరూ కలిసి సీడీ డ్రైవు ఉన్న యంత్రం చేయాలని ఒప్పందం ఉండగా, 1991లో షికాగో ప్రదర్శనలో సోనీ దాన్ని ప్రకటించిన మర్నాడే, తాము ఫిలిప్స్‌తో జతకడుతున్నామని నింటెండో ప్రకటించింది. కెన్ కుతరాగి నాయకత్వంలో సోనీ సొంతంగా తయారు చేసిన ప్లేస్టేషన్ 1994 డిసెంబరు 3న జపాన్‌లో విడుదలైంది. మరుసటి మే నెలలో లాస్ ఏంజెలస్‌లో జరిగిన మొట్టమొదటి ఈ3 గేముల ప్రదర్శనలో మరో కన్సోల్ కంపెనీ సెగా తన శాటర్న్ యంత్రం 399 డాలర్లని, ఆ రోజు నుంచే అమ్మకమని చెప్పింది. తర్వాత వేదిక ఎక్కిన సోనీ ప్రతినిధి స్టీవ్ రేస్ "299" అని ఒక్క అంకె పలికి దిగిపోయాడు. ఈ కథను అభిమానులు ఇప్పటికీ చెప్పుకుని మురిసిపోతారు, నేనూ మురిసిపోయినవాడినే. అయితే ఆ పోటీని గెలిపించింది ఆ వంద డాలర్ల తేడా ఒక్కటే కాదని నా అభిప్రాయం. కార్ట్రిడ్జ్ చేయించాలంటే పబ్లిషరు (ఆటను విడుదల చేసే కంపెనీ) వారాల ముందు లెక్కగట్టి ఆర్డరు పెట్టి డబ్బు ఇరికించుకోవాలి. తక్కువ పెడితే గిరాకీ ఉన్నప్పుడు సరుకు ఉండదు, ఎక్కువ పెడితే గోదాములో మిగులుతుంది. సీడీకి ఆ బెడద లేదు, ముద్రణ ఖర్చు స్వల్పం, అవసరమైతే రోజుల్లో మళ్లీ వేయించుకోవచ్చు. అంటే సోనీ అడ్వాన్సును కొనుగోలుదారుకు ఒక రూపంలో, ఆటలు చేసేవాడికి ఇంకో రూపంలో ఇచ్చింది. అంతవరకు నింటెండోకే కట్టుబడి ఉన్న ఆటల కంపెనీ స్క్వేర్ తన ఫైనల్ ఫాంటసీ సిరీస్‌లో ఏడో ఆటను 1997లో ప్లేస్టేషన్‌కు తీసుకుపోవడంతో జపాన్‌లో తూకం ఒరిగిపోయింది.

అక్కడి నుంచి అడ్వాన్సు పెంచుకుంటూ పోవడమే పోటీ అయింది. 2001లో 299 డాలర్లకు వచ్చిన మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ లోపల హార్డ్ డిస్కుతో సహా దాదాపు ఒక కంప్యూటరే ఉండేది, ప్రతి యంత్రం మీదా కంపెనీ గణనీయంగా నష్టపోయింది. 2006లో సోనీ అందరినీ మించింది. ప్లేస్టేషన్ 3లో సెల్ ప్రాసెసరు, బ్లూరే డ్రైవు రెండూ అప్పటికి కొత్తవి, ఖరీదైనవి. అమెరికాలో 60 జీబీ యంత్రం ధర 599 డాలర్లు అంటేనే జనం గుండెలు బాదుకున్నారు. దాన్ని విప్పి లెక్కగట్టిన ఐసప్లై అనే సంస్థ అందులోని సామాను, కూర్పు ఖర్చే 840 డాలర్ల వరకు ఉంటుందని తేల్చింది. ఆ ఆర్థిక సంవత్సరంలో సోనీ గేముల విభాగం 232.3 బిలియన్ యెన్ల నష్టం చూపించింది.

ఇంత నష్టాన్ని తెలిసి తలకెత్తుకోవడానికి ఒక నమ్మకం ఆధారం. చిప్‌లు ఏడాదికేడాది చిన్నవవుతాయి, చవకవుతాయి. కాబట్టి మొదటి ఏడాది పోగొట్టుకున్నది మూడో ఏడాదికి సర్దుకుంటుంది, ఆపైన ధర తగ్గించినా లాభమే. ప్లేస్టేషన్ 2 ఈ నమ్మకానికి నిలువెత్తు నిదర్శనం. అమెరికాలో 2000లో 299 డాలర్లకు మొదలైన ఆ యంత్రం 2002లో 199కి, 2009 నాటికి 99కి దిగి, మొత్తం 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది.

అడ్వాన్సు వ్యాపారంలో షావుకారు నిద్ర చెడగొట్టేది ఒకటే: డబ్బు తీసుకున్నవాడు పంటను కొట్టుకు తోలకపోవడం. ప్లేస్టేషన్ 3 చరిత్రలో దీనికో తమాషా ఉదాహరణ ఉంది. ఆ యంత్రాన్ని మామూలు కంప్యూటరులా వాడుకోనిచ్చే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకునే సౌకర్యాన్ని మొదట్లో సోనీయే ఇచ్చింది. అంత శక్తిమంతమైన ప్రాసెసరు బయట అంత చవగ్గా దొరకదు కాబట్టి, అమెరికా వైమానిక దళ పరిశోధనాలయం 1,700కు పైగా ప్లేస్టేషన్లు కొని, వాటిని కలిపి న్యూయార్క్ రాష్ట్రంలోని రోమ్‌లో ఒక సూపర్ కంప్యూటరును నిర్మించింది. ఒక్క ఆట కూడా కొనని ఖాతాదారుకు అన్ని వందల అడ్వాన్సులు! 2010లో సోనీ ఒక అప్‌డేట్‌తో లినక్స్ సౌకర్యాన్ని తీసివేసింది; అధికారికంగా చెప్పిన కారణం భద్రత.

వైమానిక దళాన్ని అనేముందు నా సంగతి చెప్పుకోవాలి. 2005 ప్రాంతంలో గుంటూరులో ఇంటర్ చదువుతున్నప్పుడు మా కాలేజీ వెనక సందులో ఒక గేమ్ పార్లర్ ఉండేది. నాలుగు పాత టీవీలు, నాలుగు ప్లేస్టేషన్ 2లు, గంటకు ఇరవై రూపాయలు. నాలుగింటికీ చిప్ కొట్టించి ఉండేది. చిప్ కొట్టించడమంటే, నింటెండో మొదలుపెట్టిన ఆ తాళాన్ని నోరు మూయించే ఒక చిన్న చిప్‌ను లోపల టంకం పెట్టించడం. గోడకు మేకులకు తగిలించిన వంద కవర్లలో వంద డిస్కులు, వాటి మీద మార్కరు పెన్నుతో రాసిన పేర్లు, ఒక్కటీ అసలుది కాదు. తర్వాత నేను కొన్న సెకండ్‌హ్యాండ్ యంత్రానికీ చిప్ ఉంది. ఆ రోజుల్లో నేను ఆడిన ఆటల్లో దేనిమీదా సోనీకి గానీ, ఆట చేసినవాడికి గానీ నా జేబు నుంచి పైసా పోలేదు. మా నాన్నగారి భాషలో చెప్పాలంటే, ఒక కొట్టులో పెట్టుబడి తీసుకుని చేలోనే కాయ అమ్మేసుకున్న రకం. మన దేశంలో ఈ తీరు ఎంత మామూలైపోయినా, సోనీ ఇక్కడ ప్లేస్టేషన్ 2ను వదులుకోలేదు. 2009లో హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ చేసిన "హనుమాన్: బాయ్ వారియర్" ఆ యంత్రానికి అధికారికంగా విడుదలైంది. అప్పటికి ప్లేస్టేషన్ 3 వచ్చి రెండేళ్లు దాటింది. పాత యంత్రం ఖర్చు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఇక్కడ ఎన్ని అమ్మినా నష్టం లేదన్న లెక్క అందులో కనిపిస్తుంది.

సెగాకు అంత వ్యవధి దొరకలేదు. శాటర్న్ దెబ్బతో అప్పటికే చితికిపోయి ఉంది. అమెరికాలో 1999 సెప్టెంబరులో 199 డాలర్లకు దించిన డ్రీమ్‌కాస్ట్ మంచి యంత్రం, ఆటలు బాగుండేవి. పెద్ద ఆటల కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ దానివైపు రాలేదు, ప్లేస్టేషన్ 2 వస్తోందని జనం ఆగిపోయారు, పైగా ఏ మార్పూ చేయని యంత్రంలోనే కాపీ డిస్కులు ఆడే మార్గం 2000లో బయటపడింది. 2001 జనవరి 31న సెగా చేతులెత్తేసింది. అధ్యక్షుడు ఇసావో ఒకావా కంపెనీ తనకు బాకీ ఉన్నదంతా మాఫీ చేసి, తన షేర్లూ ఇచ్చేసి, ఆ మార్చిలోనే కన్నుమూశాడు. సొంత ఆస్తి కరగబోసి కొట్టు మూసిన షావుకారు కథలు మా యార్డులోనూ ఉన్నాయి గనుక ఈ ఘట్టం దగ్గర నేను ప్రతిసారీ కాసేపు ఆగుతాను.

నింటెండో మాత్రం ఈ అడ్వాన్సుల పందెంలోకి వీలైనంతవరకు దిగలేదు. పాతబడి చవకైన సాంకేతికతను కొత్త ఆలోచనతో వాడాలన్నది అక్కడ యంత్రాల రూపకర్త గుంపేయ్ యొకోయి కాలం నుంచీ వస్తున్న పద్ధతి. ప్లేస్టేషన్ 3 వచ్చిన 2006 నవంబరులోనే 249 డాలర్లకు వచ్చిన నింటెండో వీ (Wii) యంత్రం శక్తిలో దానికి దరిదాపుల్లో లేదు, కానీ మొదటి రోజు నుంచే లాభానికి అమ్ముడైంది, పది కోట్లు దాటింది. ఇందుకు కారణం పొదుపు ఒక్కటే అనుకుంటే సగమే చూసినట్టు. నింటెండో యంత్రాల్లో ఎక్కువగా అమ్ముడయ్యేవి నింటెండో సొంత ఆటలే. కొట్టూ తనదే, చేనూ తనదే అయినవాడికి రైతును అడ్వాన్సుతో కట్టేసుకోవలసిన పని అంతగా ఉండదు. తప్పటడుగు వేసినప్పుడు మాత్రం అదే నింటెండో విలవిల్లాడింది. 2011లో చేతిలో పట్టుకుని ఆడే 3డీఎస్ యంత్రాన్ని 25,000 యెన్లకు పెట్టి, అమ్మకాలు లేక ఆరు నెలల్లోనే 15,000కు కోసింది. అధ్యక్షుడు సతోరు ఇవాతా తన జీతాన్ని సగానికి తగ్గించుకున్నాడు. ఆ ఆర్థిక సంవత్సరంలో కంపెనీ 43.2 బిలియన్ యెన్ల నికర నష్టం ప్రకటించింది. ఇష్టపడి ఇచ్చే అడ్వాన్సుకూ, విధిలేక ఇచ్చే అడ్వాన్సుకూ ఉన్న తేడా అది.

ఇక మైక్రోసాఫ్ట్. 2021 మేలో, యాప్ దుకాణం కమీషన్ మీద ఆటల కంపెనీ ఎపిక్‌కూ ఆపిల్‌కూ మధ్య నడిచిన దావాలో సాక్ష్యం చెప్పిన మైక్రోసాఫ్ట్ ఉపాధ్యక్షురాలు లోరీ రైట్, ఎక్స్‌బాక్స్ యంత్రాల అమ్మకం మీద తామెన్నడూ లాభం చూడలేదని కోర్టులోనే చెప్పారు. ఇరవై ఏళ్ల లెక్క అది. 2022లో అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్ ఒక్కో యంత్రం మీద 100 నుంచి 200 డాలర్ల వరకు తాము భరిస్తున్నామన్నాడు. దాని మీద నెలవారీ చందా పథకమైన గేమ్ పాస్, దాని మీద 2023 అక్టోబరులో 68.7 బిలియన్ డాలర్లకు ఆటల కంపెనీ యాక్టివిజన్ బ్లిజార్డ్ కొనుగోలు. ఇంత చేశాక, 2024 నుంచి తన ఆటల్ని ఒక్కొక్కటిగా ప్లేస్టేషన్‌లో విడుదల చేయడం మొదలుపెట్టింది. ఎక్స్‌బాక్స్‌కు ముఖచిత్రంలాంటి హేలో ఆట కూడా ప్లేస్టేషన్ 5కు వస్తుందని 2025లో ప్రకటించింది. దీన్ని ఓటమి అంటున్నారు. నాకలా అనిపించదు. అంతమంది ఆటల కంపెనీలను కొన్నాక మైక్రోసాఫ్ట్ దగ్గర కొట్టుకన్నా పంట ఎక్కువైంది. పంట ఎక్కువున్నవాడు ఎదుటి కొట్టుకు కమీషన్ కట్టి అమ్ముకోవడం, తన కొట్టులో ఇంకా అడ్వాన్సులు పోస్తూ కూర్చోవడం కన్నా లాభసాటి అని లెక్క చూసుకుంది. అందులోని విచిత్రం ఏమిటంటే, ఇరవై ఏళ్లు ఎవరి గడప దగ్గర జనాన్ని ఆపాలని చూసిందో అదే గడపకు ఇప్పుడు తను కమీషన్ కడుతోంది.

ఇంతవరకు చెప్పినదంతా గతం. నా అసలు ఫిర్యాదు ఇక్కడి నుంచి మొదలవుతుంది. చిప్‌లు చవకవుతాయన్న పాత నమ్మకం చెదిరిపోయింది. 499 డాలర్ల ప్లేస్టేషన్ 5 మీద ఇక నష్టం లేదని సోనీ 2021 ఆగస్టులోనే చెప్పింది. పాత పద్ధతి ప్రకారం ఆ తర్వాత ధర దిగాలి. దిగలేదు సరికదా, 2022లో చాలా దేశాల్లో పెరిగింది, మన దగ్గర 54,990 అయింది. 2025 ఆగస్టులో అమెరికాలోనూ 549.99 డాలర్లకు చేరింది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ అదే ఏడాదిలో రెండుసార్లు పెరిగి 649.99 డాలర్లయింది. వయసు పెరిగేకొద్దీ యంత్రం ఖరీదెక్కడం ఈ వ్యాపారంలో మునుపు ఎరుగనిది. సుంకాలు, ద్రవ్యోల్బణం, చిప్ ఫ్యాక్టరీల ఖర్చు అని కారణాలు చెబుతారు, అవన్నీ నిజమే కావచ్చు. ఏ కారణంతోనైనా, మనకు అందుతున్న అడ్వాన్సు కరిగిపోయింది.

మరి కమీషన్? డిజిటల్ దుకాణంలో మామూలు రేటు 30 శాతం, అది కదల్లేదు. 70 డాలర్ల ఆట అమ్ముడైతే 21 డాలర్లు గడప దగ్గరే ఆగిపోతాయి. ఆటలు చేసే ఖర్చు చూస్తే, 2023లో అమెరికా కోర్టుకు సోనీ సమర్పించిన పత్రాల్లో మార్కరుతో సరిగా చెరపని అంకెలు స్కానింగులో కనిపించి, ది లాస్ట్ ఆఫ్ అస్ అనే ఆట రెండో భాగానికి 220 మిలియన్ డాలర్లు పట్టిందని లోకానికి తెలిసింది. ఆటలు అంత ఖరీదైన కాలంలో 30 శాతం చిన్నదేమీ కాదు. పైగా బయటికి పోయే దారులు మూసుకుంటున్నాయి. 2013లో ఎక్స్‌బాక్స్ వన్‌తో పాత డిస్కుల చేతిమార్పిడికి మైక్రోసాఫ్ట్ కళ్లెం వేయబోతే జనం గోలచేసి వెనక్కి తీయించారు, 2024లో 699.99 డాలర్ల ప్లేస్టేషన్ 5 ప్రో డిస్కు డ్రైవే లేకుండా వస్తే, డ్రైవుకు వేరే డబ్బు కట్టమంటే, ఆ గోల నాలుగు రోజుల్లో చల్లారింది. డిస్కు ఉంటే ఆడేశాక ఎవరికైనా అమ్ముకోవచ్చు. డిజిటల్ ఆటకు ఒకే దుకాణం, ఒకే ధర, చేతిమార్పిడి లేదు.

యార్డులో అడ్వాన్సు తీసుకోని రైతు లారీని ఏ కొట్టు ముందైనా ఆపుకోవచ్చు. అది ఎవరో రాసిపెట్టిన చట్టం కాదు, మామూలు న్యాయం. కన్సోల్ లోకంలో అడ్వాన్సు ఆగింది, కట్టు మాత్రం వదల్లేదు. ఆపిల్ 30 శాతం మీద దావా వేసిన ఎపిక్ అధిపతి టిమ్ స్వీనీ కన్సోల్ కంపెనీలను ఎందుకు వదిలేశాడని అడిగితే, వాళ్లు యంత్రాన్ని ఖర్చుకన్నా తక్కువకు అమ్మి భారీ పెట్టుబడి పెడుతున్నారు కాబట్టి అక్కడ దానికొక హేతువు ఉందని సమర్థించాడు. 2020లో ఆ మాటకు బలముంది. యంత్రం తన ఖర్చు తాను రాబట్టుకుంటున్న ఈ రోజున అదే సమర్థన ఎలా నిలుస్తుందో నాకు అర్థం కాదు. తాళం తీస్తే మళ్లీ 1983లా నాసిరకం ఆటల గుట్టలు పడతాయని కొందరంటారు. ఎవరైనా ఏదైనా అమ్ముకోగల కంప్యూటర్ గేముల మార్కెట్టు మన కళ్లముందే ఉంది, అక్కడ చెత్తా ఉంది, మంచీ ఉంది, కుప్పకూలడం మాత్రం జరగలేదు. ఇంకో దుకాణాన్ని లోపలికి రానివ్వండి, లేదా డిజిటల్ ఆటను ఇంకొకరికి బదిలీ చేసుకోనివ్వండి, అదీ కాదంటే కమీషన్ తగ్గించండి. మూడింటిలో ఏదో ఒకటి అడగడం అత్యాశ కాదనుకుంటాను.

నా మాటలో స్వార్థం ఎంతుందో చూసుకుందామని పోయిన నెల నా ప్లేస్టేషన్ ఖాతా తెరిచి లెక్క తీశాను. ఇన్నేళ్లలో డిజిటల్‌గా కొన్న ఆటలు ఏడు, అన్నీ బయటి కంపెనీలవే, అన్నీ తగ్గింపు ధరలున్నప్పుడే, మొత్తం 14,300 రూపాయలు. అందులో 30 శాతమంటే 4,290. మిగిలినవి చేతులు మారిన డిస్కులు, వాటి మీద సోనీకి వచ్చింది సున్నా. 2021లో నా యంత్రం మీద వాళ్లు ఎంత పోగొట్టుకున్నారో నా చీటీలో లేదు. అంకెలు నాన్నగారికి చదివి వినిపించాను. చిప్ కొట్టించిన ఆ పాత యంత్రం ఖాతా కూడా ఇందులో కలిపావా అని అడిగారు.